తప్పును చెప్పే తీరు: దుకాణం లెక్కల్లో పైథాన్‌ను చాలాకాలం వాడిన తరువాత

పైథాన్ తేలికైన ప్రోగ్రామింగ్ భాష అని అందరూ చెబుతారు కనుక ఆ సంగతి మళ్లీ చెప్పను. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోని మా కిరాణా దుకాణంలో, గిరాకీ పలుచబడే మధ్యాహ్నాల్లో, అడగడానికి పక్కన ఎవరూ లేకుండా దానిని నేర్చుకున్న నాకు గురువుగా నిలిచింది ఒక్కటే: తప్పు జరిగినప్పుడు అది ఇచ్చే సందేశం. 2021లో వచ్చిన 3.10 వెర్షన్‌తో ఈ సందేశాలు ఎంతో మెరుగుపడ్డాయి. తెర మీద చూపించమని చెప్పే ప్రింట్ అనే మాటలో అక్షరాలు తారుమారైతే, ఆ పేరు తెలియదని చెప్పి ఊరుకోకుండా, మీరు రాయదలచినది ప్రింటేనా అని అడుగుతుంది. బ్రాకెట్ మూయకపోతే, దానిని తెరిచిన చోటే చూపిస్తుంది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఆ పొట్టి వాక్యాలు అర్థమయ్యేవి.

విలువలను దాచుకునే వేరియబుళ్లకు తెలుగు పేర్లూ పెట్టుకోవచ్చని తెలిసి, అరువు ఖాతా ప్రోగ్రామ్‌లో ధర, బాకీ, జమ అని రాసుకున్నాను. ఒకసారి స్టాక్ అనే పేరు దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోయింది. కంటికి ఏ లోపమూ కనబడలేదు గాని, యూనికోడ్ (ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టిక) సంఖ్య 200సి గల, ముద్రణకు రాని అక్షరం ఒకటి అక్కడ ఉందని సందేశం తేల్చి చెప్పింది. పొల్లు హల్లు తరువాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపేది ఆ అక్షరమే. కొన్ని తెలుగు కీబోర్డులు దానిని తమంతట తామే చేరుస్తాయి. మన లిపికి సంబంధించిన ఇంత సూక్ష్మమైన విషయాన్ని కూడా ఆ భాష పట్టుకోగలిగినందుకు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అదే అక్షరం ఖాతాదారుల పేర్లలో దూరినప్పుడు మాత్రం పైథాన్ ఒక్క మాటైనా చెప్పలేదు. ఒక నెలాఖరున బాకీల పట్టీ తీస్తే ప్రసాద్ అనే పేరు రెండు వరుసల్లో వచ్చింది: ఒకదానిలో 1,840 రూపాయల బాకీ, మరొకదానిలో 1,000 రూపాయల జమ. "పాతపట్నం ప్రసాద్ వెయ్యి కట్టాడు కదరా, బాకీ తగ్గలేదేం?" అని నాన్నగారు అడిగారు. తెర మీద రెండు పేర్లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. చివర ఖాళీ ఏదైనా ఉందేమోనని, అటూ ఇటూ ఉన్న ఖాళీలను తీసేసే స్ట్రిప్ వాడితే ఫలితం లేకపోయింది, ఎందుకంటే పైథాన్ ఈ అక్షరాన్ని ఖాళీగా లెక్కించదు. గుణింతపు గుర్తులనూ పొల్లునూ కూడా విడిగా లెక్కపెట్టే లెన్‌తో కొలిస్తే ఒక ప్రసాద్‌కు 7, ఇంకో ప్రసాద్‌కు 8 వచ్చింది. పేర్లను విడివిడిగా కాక జాబితా మొత్తాన్ని ఒకేసారి ప్రింట్ చేసినప్పుడు, రెండో పేరు చివర బ్యాక్‌స్లాష్, దాని పక్కన యు200సి బయటపడ్డాయి. జమలు మా తమ్ముడు ఫోన్‌లో టైపు చేసి పంపినవి. ఆ ఫోన్ కీబోర్డు పదాంతపు పొల్లు తరువాత కూడా దానిని చేరుస్తోంది.

ఒకదాని బదులు మరొకటి పెట్టే రిప్లేస్‌తో ఆ అక్షరాన్ని తొలగిస్తే చిక్కు తీరింది. అయితే పోల్చడానికి వాడే నకలులోనే తొలగించాలి. అసలు పేరులో తీసేస్తే రాజ్‌కుమార్ వంటి పేరు నడుమ ఒత్తు పడి, రసీదు మీద చదవడానికి వీలుకాకుండా పోతుంది.

కాబట్టి సందేశాల గురించి పైన చెప్పిన మెప్పు, రాసిన ప్రోగ్రామ్‌కు వర్తించినంతగా మనం అందించే సమాచారానికి వర్తించదు. పైగా అన్ని సందేశాలూ అంత స్పష్టంగా ఉండవు. మా విండోస్ కంప్యూటర్‌లో తెలుగు ఫైలు తెరిచినప్పుడు, 8డి అనే బైట్‌ను (ఫైలులో అక్షరాలను దాచే సంఖ్యల్లో ఒకటి) చదవలేకపోతున్నానని మాత్రమే చెప్పింది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో పొల్లు గుర్తు చివరి బైట్ అదేననీ, ఫైలు తెరిచేటప్పుడు ఆ పద్ధతి (ఎన్‌కోడింగ్) పేరు మనమే చెప్పాలనీ ఆ సందేశం నుంచి కొత్తవారికి తెలిసే అవకాశం లేదు.

పేర్లను వరుసలో పేర్చమంటే యూనికోడ్ సంఖ్యల ప్రకారం ఒడియాలో రాసినవన్నీ ముందు, తెలుగువి తరువాత వస్తాయి. మా సరిహద్దు ఊరి ఖాతాకు అది ఇబ్బందేమీ కాలేదు. చిన్న దుకాణం, తెలుగు పేర్లు, సొంతంగా నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవారికి పైథాన్‌ను నేను మనస్ఫూర్తిగా సూచిస్తాను. ఫోన్ యాప్ తయారుచేయడమే మీ మొదటి లక్ష్యమైతే మాత్రం నా అనుభవం మీకు అంతగా అక్కరకు రాకపోవచ్చు.