వీ-క్రాస్, హైలక్స్‌లకు కాయిలోవర్ కిట్ కొనబోతున్నారా? డబ్బు కట్టకముందు ఇది చదవండి

ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి పికప్‌లకు బయటి కాయిలోవర్ (షాకర్, స్ప్రింగ్ ఒకటిగా ఉండే) సస్పెన్షన్ పెట్టించుకోవాలనుకునే వాళ్ళందరికీ ఈ హెచ్చరిక. నాది వీ-క్రాస్. ముందు చక్రాలకు రిజర్వాయర్ (పక్కన నూనె డబ్బా) ఉన్న కాయిలోవర్లు, వెనక కమాన్ పట్టీల దగ్గర కొత్త షాకర్లు, అంతా కలిపి బండిని రెండంగుళాలు లేపే లిఫ్ట్ కిట్ అని చెప్పి అంటగట్టారు. లక్ష దాటిన సరుకు. వ్యవహారం ఫిర్యాదులో ఉంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. కానీ ఇలాంటి సరుకు ఇవే మాటలతో ఇంకా చాలామందికి అమ్ముతున్నారు, అందుకే అన్నీ విడమరిచి చెబుతున్నాను.

ముందుగా బయటపడింది శబ్దం. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. చక్రం కిందికి జారిన ప్రతిసారీ ముందువైపు నుంచి ఇనుము ఇనుముకు తగిలినట్టు ఠక్కుమనేది. గండికోట దగ్గర రాళ్ళబాటలో కాసేపు నడిపేసరికి బండి ముందుభాగం ఎగిరెగిరి పడుతోంది, స్టీరింగ్ చేతుల్లో నిలవడం లేదు. కంపెనీ షాకర్లతో అదే బాటలో హాయిగా పోయిన బండి అది.

దుకాణంలో అడిగితే కొత్త స్ప్రింగులండీ, కొన్నాళ్ళు తిరిగితే సర్దుకుంటాయన్నారు. తర్వాత అలైన్‌మెంట్ చేయించమన్నారు. నూనె కారడం మొదలయ్యాక మాట మార్చి, ఆఫ్‌రోడ్‌లో వాడారు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. ఆఫ్‌రోడ్ కోసమే అని చెప్పి అమ్మిన వస్తువు! ఈ మాట విన్న రోజే ఇక వీళ్ళతో మాటలు అనవసరమని తేలిపోయింది.

ఆ ఠక్ శబ్దానికి కారణం తెలుసుకుంటే చాలామంది మోసపోకుండా ఉంటారు. కాయిలోవర్ అంటే షాకర్ మీదే స్ప్రింగ్ కూర్చున్న యూనిట్. మన వీ-క్రాస్‌కి ముందువైపు కంపెనీ ఇచ్చేదీ ఈ పద్ధతిదే. బయట కొనేవాటిలో చాలావాటికి స్ప్రింగ్ ఒక చివర మరలు తిరిగిన ఒక రింగు ఉంటుంది. దాన్ని స్ప్రింగ్ వైపు బిగిస్తే బండి లేస్తుంది. రింగు జరిగిన దూరానికి చక్రం దగ్గర సుమారు ఒకటిన్నర నుంచి రెండింతల ఎత్తు వస్తుంది. అమ్మేవాడికి ఇదే సులువైన దారి. మీ బండి బరువుకు తగిన స్ప్రింగ్ తెప్పించకుండా, ఉన్న స్ప్రింగ్‌నే రింగు బిగించి ఎత్తి చూపిస్తాడు. పార్కింగ్‌లో బండి దర్జాగా కనిపిస్తుంది.

కానీ షాకర్ రాడ్ మొత్తం కదిలే దూరం ఇంతేనని ముందే నిర్ణయమై ఉంటుంది. ఎత్తు పెంచిన కొద్దీ చక్రం కిందికి దిగడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలను పట్టుకోవాలి. దిగే చోటు లేకపోతే రాడ్ చివరికంటా సాగి లోపల కొట్టుకుంటుంది. అదే ఆ ఠక్. ఎత్తు కోసం డబ్బు కట్టి, రాళ్ళలో అసలు కావలసిన పట్టు పోగొట్టుకోవడం అన్నమాట.

ఇది మీ ఇంటి దగ్గరే కొలుచుకోవచ్చు. చదునైన నేల మీద బండి నిలబెట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి కొలవండి. తర్వాత ఛాసిస్ కింద జాకీ పెట్టి, చక్రం గాల్లోకి లేచాక మళ్ళీ కొలవండి. రెండింటికీ తేడానే మీకు కిందికి మిగిలిన దూరం. పాత షాకర్లు విప్పకముందే ఈ కొలత రాసి పెట్టుకోండి. కొత్తవి బిగించాక తేడా బాగా పడిపోతే బండి అక్కడే ఆపి అడగండి.

ఇక రిజర్వాయర్ సంగతి. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది దీని దగ్గరే. రాళ్ళబాటలో షాకర్ ఆగకుండా పనిచేస్తుంటే లోపలి నూనె కాగి నురగ కడుతుంది, షాకర్ చేతులెత్తేస్తుంది. అలా కాకుండా నైట్రోజన్ వాయువు ఒత్తిడితో నూనెను అదిమి ఉంచుతారు. పక్కన కనిపించే డబ్బాలో ఒక చిన్న పిస్టన్, దానికి అటు వాయువు, ఇటు నూనె ఉంటాయి. నూనె ఎక్కువ పడుతుంది, వేడి తట్టుకుంటుంది. ధర ఎక్కువ చెప్పేదీ దీని పేరు మీదే.

కారుతున్న యూనిట్లను విజయవాడ ఆటోనగర్‌లో షాకర్లు రీకండిషన్ చేసే ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. స్ప్రింగ్‌ను నొక్కిపట్టే కంప్రెసర్ పెట్టి దాన్ని విడదీసి, రిజర్వాయర్ గొట్టం బోల్టు విప్పి నా చేతిలో పెట్టాడు. ఆ బోల్టుకు నూనె పోయే రంధ్రమే లేదు. షాకర్ మీద గొట్టం బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో గీకి చూపించాడు, రంగు కింద అంతా గట్టి లోహం. డబ్బాను బల్ల మీద బోర్లించి తట్టాడు. నూనె చుక్క రాలేదు, కాస్త అల్యూమినియం పొట్టు రాలింది. "డమ్మీ సార్, లోపల మామూలు షాకరే" అన్నాడు. స్ప్రింగ్ మీద అచ్చు వేసిన నంబరుకూ పెట్టె మీది నంబరుకూ పొంతన లేదు. అన్నిటికీ అక్కడే ఫొటోలు తీశాను.

కొనేటప్పుడు వెనక షాకర్లతో ఒక పరీక్ష చేయండి. వాటి మీద స్ప్రింగ్ ఉండదు కాబట్టి కౌంటర్ దగ్గరే చూడొచ్చు. రాడ్‌ను లోపలికి నొక్కి వదిలితే దానంతటదే నెమ్మదిగా బయటికి రావాలి. వాయువు ఉన్నవి అలాగే వస్తాయి, అందుకే పెట్టెలో పట్టీ కట్టి పంపుతారు. నొక్కిన చోటే ఉండిపోతే అందులో వాయువు లేనట్టే. రిజర్వాయర్ మీద వాల్వ్ ఉంటే దాన్ని మీరు నొక్కి చూడకండి, ఉన్న ఒత్తిడి పోతుంది. నైట్రోజన్ నింపే గేజీ ఉన్న వర్క్‌షాప్‌లోనే చూపించండి. సీల్ కిట్ దొరుకుతుందా, విప్పి బాగుచేసేది ఎవరు, ఎక్కడ? దీనికి సూటిగా జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి.

మరొకటి, మోడల్ గొడవ. వీ-క్రాస్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. కానీ ఈ కిట్లు ఎక్కువగా థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా మార్కెట్లకు చేసినవి. థాయ్‌లాండ్‌లో 2019లోనే కొత్త తరం డీ-మ్యాక్స్ (మన వీ-క్రాస్ ఈ డీ-మ్యాక్స్ కుటుంబానిదే) వచ్చేసింది. మన దగ్గర ఆ తర్వాత కూడా పాత తరం బాడీతోనే అమ్ముతూ వచ్చారు. రెండిటి కిట్లకూ పార్ట్ నంబర్లు వేరు. "డీ-మ్యాక్స్‌దే సార్, సరిపోతుంది" అంటే ఏ సంవత్సరం మోడల్‌కో నంబరుతో సహా చూపించమనండి. పెట్టె మీద స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే పైది పీకి చూడండి. హైలక్స్ వాళ్ళకి ఫార్చ్యూనర్ కిట్ చూపించి రెండూ ఒకటే అంటారు. ముందు సంగతి ఎలా ఉన్నా వెనక ఒకటి కానే కాదు, ఫార్చ్యూనర్‌కి వెనక కాయిల్ స్ప్రింగులు, హైలక్స్‌కి కమాన్ పట్టీలు.

స్ప్రింగ్ బరువును బట్టి ఎంచుకోవాలి. ఉక్కు బంపర్, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) పెడితే ముందువైపు 100 కిలోల దాకా పెరగొచ్చు. అవేవీ లేని బండికి ఆ బరువుకు చేసిన స్ప్రింగులు వేస్తే రాయిలా కొడతాయి. మీ బండికి ఏమేం బిగించారో అడగకుండానే కిట్ తీసిచ్చేవాడికి ఈ పని తెలియదనే అర్థం. రెండంగుళాలు లేపాక అప్పర్ ఆర్మ్ (చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే చేయి) బాల్ జాయింట్, సీవీ బూట్ (యాక్సిల్ కీలు మీది రబ్బరు తొడుగు), బ్రేక్ హోస్ మీద లాగుడు పడుతుంది. అలైన్‌మెంట్ లెక్కలోకి రాకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. కొత్త అప్పర్ ఆర్మ్‌లు కూడా కావాలా అన్నది బేరం ఆడేటప్పుడే తేల్చుకోండి.

"ఆర్టీవో వాళ్ళు ఏమీ అనరు సార్" అనే హామీని నమ్మకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టడానికి వాళ్ళకి ఇది చాలు.

బిల్లు మీద "సస్పెన్షన్ కిట్" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వకండి. జీఎస్టీ బిల్లులో బ్రాండ్, ఒక్కో వస్తువు పార్ట్ నంబరు, స్ప్రింగ్ రేటు (ధర కాదు, స్ప్రింగ్ ఎంత గట్టిదో చెప్పే అంకె) ఉండాలి. వారంటీలో ఆఫ్‌రోడ్ వాడకం ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. మోసపోయిన వాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంది. విప్పిన పార్టులు, పెట్టెలు, స్టిక్కర్లు ఏవీ పారేయకండి, దుకాణానికి తిరిగి ఇచ్చేయకండి. ఒకసారి వాళ్ళ చేతికి వెళితే మీ దగ్గర ఆధారం ఉండదు.

ఇలాంటి కిట్ ఇప్పటికే బిగించుకున్న వాళ్ళు ఘాట్ రోడ్డు ఎక్కకముందే ఒకసారి బండి కిందికి దూరి చూడండి. షాకర్ ఒంటి మీద నూనె తడి, సీవీ బూట్ చిరుగు, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు రిజర్వాయర్ గొట్టమో బ్రేక్ హోసో టైరుకు రాసుకున్న గీత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పాత కంపెనీ షాకర్లు తిరిగి బిగించేదాకా కుటుంబాన్ని ఆ బండి ఎక్కించకండి.