తిరుపతి నుంచి సింగపూర్: ప్యాకేజీయా, సొంతంగానా?

ప్యాకేజీలో టికెట్లు, హోటలు, ఏసీ బస్సు, మన భోజనం అన్నీ వచ్చేస్తాయి. ఊరు మాత్రం బస్సు అద్దంలోంచే కనిపిస్తుంది. ఎక్కువ నడవలేని పెద్దవాళ్లకు అదే మేలు. మిగతావాళ్లు సొంతంగా వెళ్తేనే ఇంకో దేశం ఎలా బతుకుతుందో తెలుస్తుంది.

అక్కడ మనవాళ్లు లేకపోతే వీసాకు ఆథరైజ్డ్ ఏజెంటును పట్టుకోవాలి. దేశంలోకి వచ్చేవాళ్లు ఆన్‌లైన్లో నింపే అరైవల్ కార్డును, దిగే రోజుతో కలిపి అంతకు ముందరి మూడు రోజుల్లోపు నింపాలి, అది ఉచితం. డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. చెన్నైకి రైలే నయం: సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టే. బస్సులో వెళ్లి మాధవరంలో దిగితే ఊరంతా దాటాలి, సాయంత్రం ట్రాఫిక్‌లో టైం చెప్పలేం.

బసకు లిటిల్ ఇండియా సులువు. శాకాహారం దొరుకుతుంది, తమిళం వచ్చిన చిత్తూరు వాళ్లకు మాటకు ఇబ్బందే లేదు. అయితే చౌక హోటళ్లలో కిటికీ లేని గదులు చాలా ఉంటాయి, బుక్ చేసే ముందే చూసుకోండి. రాత్రి విమానంలో వెళ్తే తెల్లారేసరికి దిగుతారు, గది ఇచ్చేది మాత్రం మధ్యాహ్నం రెండు మూడింటికి. సామాను హోటల్లో పెట్టి తిరగొచ్చు. ఇళ్లల్లో గదులు చౌకని తీసుకోకండి, మూడు నెలలకు తక్కువ అద్దెకివ్వడం అక్కడ చట్టవిరుద్ధం. మెట్రోలో బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే చాలు, కానీ మనిషికో కార్డు ఉండాలి. రైల్లో తిన్నా, తాగినా జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది.

ఒక పూట టోవా పాయోకు తప్పక కేటాయించండి. టూరిస్టు స్థలం కాదు, ప్రభుత్వం కట్టిన ఫ్లాట్ల పేట. 1989 నుంచి ప్రతి బ్లాకులోనూ చైనీయులు, మలయ్‌లు, భారతీయులు కలిసి ఉండేలా కోటాలు పెట్టారు. ఇల్లు అద్దెకు అడిగితే ముందు కులం ఆరా తీసే ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు ఆ వరండాల్లో కాసేపు నడవాలి. పక్కపక్క గుమ్మాల్లో ఒకచోట చైనీయుల ఎర్ర కాగితాలు, ఇంకోచోట మామిడి తోరణం కనిపిస్తాయి. కింద హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాల్లో, ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే కూర్చోకూడదు. మన బస్సుల్లో కిటికీలోంచి టవల్ వేసి సీటు ఆపినట్టే. తిన్న ట్రే మనమే తీసి పెట్టాలి, పెట్టకపోతే మొదట హెచ్చరిక, మళ్లీ చేస్తే జరిమానా.

సెరంగూన్ రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గరే. తైపూసం నాడు మురుగన్ కావళ్లు బయల్దేరేది ఈ వెంకన్న గుడి నుంచే. ఆ పండగ జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది. చూడాలనుకుంటే గది ముందే పట్టుకోవాలి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి.