సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? తాళం చెవి షాపువాడి దగ్గరే ఉండిపోతుంది, జాగ్రత్త

రాత్రి పన్నెండున్నర అయింది. నిద్ర పట్టట్లేదు, ఒళ్లు మండిపోతోంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

షాపు పేరు రాయను. కంప్యూటర్ షాపులన్నీ ఉండే ఆ కాంప్లెక్సులో, మెట్లెక్కగానే ఎడమ పక్క, అందరూ ‘అన్న షాపు’ అంటారే, అదే. మీలో సగం మంది అక్కడే కొని ఉంటారు. అందుకే రాస్తున్నాను.

నేను పదకొండు షాపులకు లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. పాత ల్యాప్‌టాప్ బాగానే పనిచేసేది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆగిపోతాయని రోజూ స్క్రీన్ మీద వచ్చేది. నాది ఆరో జనరేషన్ ప్రాసెసర్. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో జనరేషన్ ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. మెషీన్‌లో ఉన్న లెక్కలు నావి కావు, పరాయివాళ్లవి. సెక్యూరిటీ అప్‌డేట్లు లేని దాంట్లో పెట్టడం తప్పు కదా అని కొత్తది చూసుకుందామని బయల్దేరాను. సెక్యూరిటీ కోసం వెళ్లానండీ. నవ్వుకోండి. (సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే పాతదానికే ఇంకో ఏడాది అప్‌డేట్లు ఉచితంగా వచ్చేవట. ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.)

నవంబర్ మొదటి వారంలో రీఫర్బిష్డ్ ఐ5 ఒకటి కొన్నాను. 24,500. అన్న టీ తెప్పించాడు. షాపులో కుర్రాడు విండోస్ కొత్తగా ఎక్కించి మొదలుపెట్టాడు. ఇప్పుడు అది మొదట్లోనే ఇంటర్నెట్ అడుగుతుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. కుర్రాడు నన్నేమీ అడగలేదు, షాపు ఈమెయిలే కొట్టేశాడు. నేను పక్కనే కూర్చుని బిస్కెట్ టీలో ముంచుకుంటున్నాను. తర్వాత ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు వచ్చాయి. మీ లొకేషన్ వాడుకోమంటారా, డయాగ్నస్టిక్ డేటా (మెషీన్ ఎలా నడుస్తోందో చెప్పే వివరాలు) ఎంత పంపమంటారు, మీ టైపింగ్ వివరాలు పంపమంటారా, ప్రకటనల కోసం ఐడీ ఇవ్వమంటారా. అన్నీ ముందే ‘అవును’ మీద ఉంటాయి. యాక్సెప్ట్, యాక్సెప్ట్, యాక్సెప్ట్. 2016లో విండోస్ 10 అవసరానికి మించి డేటా తీసుకుంటోందని ఫ్రాన్స్ ప్రైవసీ సంస్థ మైక్రోసాఫ్ట్‌కి నోటీసు ఇచ్చింది. ఈ ప్రశ్నల పేజీ వచ్చింది ఆ మరుసటి ఏడాదే. అక్కడ అంత గొడవ జరిగితే, ఇక్కడ మావాడు అరనిమిషంలో నా తరఫున అన్నిటికీ తలూపేశాడు.

“తాత్కాలికంగా ఒక పిన్ను పెట్టాను సార్, ఇంటికెళ్లి మార్చుకోండి” అన్నాడు. మార్చుకున్నాను. దాంతో మెషీన్ నాదైపోయింది అనుకున్నాను.

అక్కడి నుంచి నా తెలివితేటలు వినండి.

స్టార్ట్ నొక్కితే కింద నా పేరు ఉండాల్సిన చోట షాపు పేరు ఉండేది. కొత్త బండి నంబర్ ప్లేటు మీద షోరూం పేరు ఉన్నట్టు ఇదీ అంతేలే అనుకున్నాను. డెస్క్‌టాప్ మీద ప్రతి ఫోల్డరు పక్కన చిన్న గుండ్రం, అందులో ఆకుపచ్చ టిక్కు. యాంటీవైరస్ చెక్ చేసి ఓకే పెట్టిందనుకున్నాను. మా ఆవిడకి కూడా చూపించాను, చూడు ఎంత భద్రంగా ఉన్నాయో అని. తీరా అవి వన్‌డ్రైవ్, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ స్టోరేజీ, పెట్టే టిక్కులు. ఈ ఫైలు క్లౌడ్‌లోకి కూడా వెళ్లిపోయింది అని దానర్థం. ఎవరి క్లౌడ్? లోపల ఎవరి ఈమెయిల్ ఉంటే వాళ్లది.

మొదటి రోజే డెస్క్‌టాప్ మీద నాకు తెలియని ఫైళ్లు నాలుగైదు కనిపించాయి. ఒక పెళ్లి కార్డు డిజైను, ఏవో స్కాన్ చేసిన కాగితాలు. పాత ఓనరువి మిగిలిపోయాయి కాబోలు, కుర్రాడు సరిగ్గా తుడవలేదనుకుని అన్నీ డిలీట్ చేశాను. రెండు వారాల తర్వాత ఎవరిదో హాల్ టికెట్ ప్రత్యక్షమైంది. మా అబ్బాయి ఫ్రెండుదేమో, వాడు డౌన్‌లోడ్ చేశాడేమో అనుకుని అదీ తీసేశాను. శుభ్రంగా ఉంచుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు మరి.

డిసెంబర్ 18 రాత్రి పని ముగించి ‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ నొక్కి పడుకున్నాను. పొద్దున్నే తెరిస్తే నీలం స్క్రీన్. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ, ఈ డ్రైవ్‌కి రికవరీ కీ ఇవ్వండి అని. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గళ్లు, మొత్తం 48 అంకెలు. నేనెప్పుడూ ఏ లాకరూ పెట్టలేదే! ఇరవయ్యో తారీఖు 3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఆఖరు. ఆ మర్నాటి నుంచి రిటర్నుకు రోజుకు యాభై రూపాయలు లేటు ఫీజు, పైన వడ్డీ. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ట్యాలీ బ్యాకప్ అక్టోబర్‌ది. కాళ్లూ చేతులూ ఆడలేదు.

బెంగళూరులో ఉన్న మా బావమరిది కొడుక్కి ఫోన్ చేశాను. “మావయ్యా, విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ఇదే తంతు. కొత్తగా ఎక్కించి అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లకు డ్రైవ్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయి తాళం పడిపోతుంది. కీ వెళ్లి ఆ అకౌంట్‌లో కూర్చుంటుంది. నిన్న వచ్చిన అప్‌డేట్‌లో బయోస్, అంటే మెషీన్‌ని మొదట లేపే ప్రోగ్రాం, కూడా ఉండి ఉంటుంది, అది మారితే టీపీఎంకి అనుమానం వచ్చి కీ అడుగుతుంది. 2024 జూలై అప్‌డేట్ తర్వాత కూడా చాలామందికి ఇలాగే కీ అడిగింది, కంపెనీయే ఒప్పుకుని ఆగస్టులో సరిచేసింది. నీ అకౌంట్‌లోకి వెళ్లి చూడు” అన్నాడు. నాకు అకౌంటే లేదురా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. “మరి ఎవరి అకౌంట్‌తో వాడుతున్నావు మావయ్యా?” అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నంబర్ ప్లేటు.

నిజానికి ఎన్‌క్రిప్షన్ మంచిదే. ల్యాప్‌టాప్ బస్సులో పోయినా అందులోవి ఎవడూ చూడలేడు. కానీ నా ఇంటికి తాళం వేసిన సంగతి నాకే తెలియకపోవడం, దాని చెవి షాపు గల్లాపెట్టెలో ఉండటం, ఇదేం భద్రత?

పదిన్నరకు షాపు తెరిచేసరికి మెట్ల మీద నేనే ఉన్నాను. పదకొండు దాటాక అన్న వచ్చాడు. విషయం చెప్పాను. ఆయనకు ఆశ్చర్యమే లేదు. “ఓ, అదా. పదిహేనొందలవుతుంది సార్, డేటా అన్‌లాక్” అన్నాడు. నా కీ నాకివ్వడానికి నాకే పదిహేనొందలు. ఇస్తానన్నాను. ఏం చెయ్యను మరి, తారీఖు పంతొమ్మిది.

ఆయన తన కంప్యూటర్‌లో అకౌంట్ తెరిచాడు. స్క్రీన్ నా వైపే ఉంది, తిప్పాలని కూడా ఆయనకు తోచలేదు. వరసగా మెషీన్ల పేర్లు, పక్కన కీలు. అన్నీ డెస్క్‌టాప్ అని మొదలై చివర్లో ఏవో అక్షరాలు. నీలం స్క్రీన్ మీద కనబడే కీ ఐడీ చూసి ఇందులో వెతికితే ఒక్క నిమిషం పని, ఆ ముక్క మా అల్లుడు ముందే చెప్పి పంపాడు. నేను కాగితం మీద రాసుకొచ్చాను కూడా. ఆయన ఆ కాగితం వైపు కూడా చూడలేదు. “మీదేదో ఇలా కనుక్కుందాం సార్” అని వన్‌డ్రైవ్ తెరిచాడు.

అక్కడున్నాయండీ అన్నీ. నా పదకొండు షాపుల ఫోల్డర్లు నా అక్షరదోషాలతో సహా. రైస్ మిల్లాయన అమ్మకాల రిజిస్టరు. మెడికల్ షాపావిడ పాన్ కార్డు, ఆధారు, బ్యాంకు స్టేట్‌మెంటు. మధ్యమధ్యలో నావి కానివి. ఎవరిదో కడుపులో బిడ్డ స్కాను. ఎవరో ముసలాయన వీలునామా చిత్తుప్రతి, మొదటి పేజీ అంతా చిన్న బొమ్మలోనే చదవొచ్చు. అన్న మౌస్ చక్రం తిప్పుకుంటూ, కూరగాయలు ఏరుతున్నట్టు, “ఇది మీదేనా సార్? ఇదో? ఈ మిల్లు మీరే చూస్తారా, వీళ్లకు బానే నడుస్తున్నట్టుందే” అంటున్నాడు. వెనకాల ఇంకో కస్టమరు నిలబడి ఉన్నాడు. అతనూ చూస్తున్నాడు.

“ఇవన్నీ మీ దగ్గరికి ఎందుకొచ్చాయి?” అన్నాను. గొంతు వణికింది, ఒప్పుకుంటాను.

“సెటప్ చేసేటప్పుడు అదే ఆన్ అయిపోతుంది సార్. అందరికీ అవదు, కొన్నిటికే. మంచిదే కదా, ఫ్రీగా బ్యాకప్.”

“మా క్లయింట్ల ఆధార్ కార్డులండీ అవి!”

దానికి ఆయన నవ్వి, కుర్రాడి వైపు చూసి, అన్న మాట ఇది. “మీ లెక్కలు చూసుకుని మేమేం చేసుకుంటాం సార్? దాచుకునేంత రహస్యాలు మీకేం ఉన్నాయి?” కుర్రాడు నవ్వాడు. వెనకాల కస్టమరు కూడా నవ్వాడు. పదిహేనేళ్లుగా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దండీ, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వొద్దండీ అని నా క్లయింట్లకు చెప్పే మనిషిని నేను. ఆ నవ్వుల మధ్య నిలబడి పదిహేనొందలు యూపీఐలో కొట్టాను. నామీద నాకే అసహ్యం వేసింది.

48 అంకెలూ తెల్ల కాగితం మీద రాసిచ్చాడు. ఒక గడిలో ఏడు ఒకటిలా ఉండి రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి తెరుచుకుంది. నావన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఇప్పుడే నా ఎదుటే అక్కడి నుంచి తీసెయ్యమన్నాను. విసుక్కుంటూ తీశాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యమంటే, “అన్నీ కలిసే ఉన్నాయి సార్, మిగతావాళ్లవి కూడా పోతాయి” అన్నాడు. ఎక్కడ లేని బాధ్యత! పక్కన నిలబడి నా ఫోల్డర్లు ఒక్కొక్కటే వేలితో చూపించి తీయించాను. అరగంట పట్టింది. దానికి అదనంగా డబ్బులు అడగలేదు, మహానుభావుడు. అంతకుముందే తన కంప్యూటర్‌లోకి కాపీ దిగి ఉంటే? నేనేం చూడగలను?

రిటర్నులు ఇరవయ్యో తారీఖు రాత్రి పదకొండింటికి పూర్తయ్యాయి. ల్యాప్‌టాప్ నిన్న మొత్తం తుడిచేసి, నా ఈమెయిల్‌తో మళ్లీ మొదలుపెట్టాను, మా అల్లుడు ఫోన్లో చెబుతుంటే. ఈసారి ప్రతి ప్రశ్నా చదివాను. డయాగ్నస్టిక్ డేటాలో ‘ఆప్షనల్’ కట్టేశాను. ‘రిక్వైర్డ్’ అనేదాన్ని మాత్రం కట్టడానికి లేదు, అది పోతూనే ఉంటుందట. సరే, కనీసం ఏది పోతోందో తెలిసింది.

ఇక క్లయింట్లకు చెప్పాలి. ఐదుగురికి చెప్పాను. మిల్లాయన అరిచాడు, అరవాల్సిందే. మెడికల్ షాపావిడ, “అయ్యో, మీకెంత టెన్షన్ అండీ” అంది. ఆ మాటకు ఇంకా సిగ్గేసింది. ఇంకా ఆరుగురున్నారు.

మన వ్యక్తిగత వివరాలు కాపాడే డేటా చట్టం 2023లోనే చేశారు. రూల్స్ వచ్చింది 2025 నవంబర్లో, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకో ఏడాదిన్నర గడువు. అందాకా అన్న చేసేది ‘ఫ్రీ బ్యాకప్పే’. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, చూద్దాం.

మీరు అక్కడ కొని ఉంటే, ఇప్పుడే, చదవడం ఆపి, సెట్టింగ్స్ తెరిచి పైన ఎవరి పేరు, ఎవరి ఈమెయిల్ ఉందో చూడండి. మీది కాకపోతే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, తర్వాత మీ అకౌంట్‌తో కొత్తగా మొదలుపెట్టండి. ఆ 48 అంకెల కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాదు. కొత్తగా కొనేవాళ్లు టీ తాగకండి, ఈమెయిల్ మీరే కొట్టండి.

ఇంకొకటి. అంతా అయ్యాక అర్థమైంది, ఆ పెళ్లి కార్డు పాత ఓనరుది కాదు. నాలాగే అక్కడ కొన్న ఎవరిదో. నేను నా డెస్క్‌టాప్ మీద డిలీట్ కొడితే వాళ్ల ల్యాప్‌టాప్‌లోనూ పోయి ఉంటుంది. ఆ స్కాన్ కాగితాలూ, హాల్ టికెట్టూ అంతే. క్లౌడ్ రీసైకిల్ బిన్‌లో ముప్పై రోజులే ఉంటాయి. కార్డు నేను తీసేసి నెలన్నర అవుతోంది. సాయంత్రం అన్నకు ఫోన్ చేసి, ఆ కార్డు ఎవరిదో కనుక్కుని చెప్పండి, నేనే ఫోన్ చేసి క్షమాపణ అడుగుతానన్నాను.

“ఈపాటికి వాళ్ల పెళ్లి అయిపోయుంటుందిలే సార్” అని పెట్టేశాడు.