సింకూ వంటగట్టూ: ఏది మేలు, ఏది ముందు?

మా పాత వంటగట్టు పగిలింది పొయ్యి పక్కన కాదు, ఏళ్ల తరబడి బరువులు మోసిన మూలలోనూ కాదు. సింకుకూ గట్టు అంచుకూ మధ్య నాలుగు వేళ్ల వెడల్పున్న పట్టీ ఉంటుంది చూడండి, అంట్లు తోమేటప్పుడు మనం పొట్ట ఆనించి నిలబడే చోటు, అక్కడ పగిలింది. సింకు మూల నుంచి బయటి అంచు దాకా వెంట్రుక లాంటి గీత కనిపిస్తే మరక అనుకుని తుడిచాను. మర్నాడూ అలాగే ఉంది. గోటితో గీస్తే గోరు తట్టుకుని ఆగింది. మరక కాదని అప్పుడు అర్థమైంది.

తప్పు రాయిది కాదు, సింకుదీ కాదు. సింకు కోసం రాయిని కోసినప్పుడు లోపలి మూలలను గుండ్రంగా తిప్పకుండా పెట్టెలా నలుచదరంగా కోసేశారు. రాయి ఎంత బరువు మోపినా మోస్తుంది గానీ వంచితే ఓర్చుకోదు. వంచే బలమంతా అలాంటి పదునైన మూలలో పోగుపడి, చీలిక అక్కడే మొదలవుతుంది. పైగా ఆ పట్టీ కింద ఆసరా కూడా లేదు. అప్పటి నుంచి ఏ సింకు మేలు, ఏ రాయి మేలు అని ఎవరు అడిగినా, రెండింటినీ విడివిడిగా ఎంచవద్దనే చెబుతున్నాను. సింకు ముందు, రాయి తరువాత. ఆ రెండూ కలిసే అంచు గురించి మాత్రం అన్నిటికంటే ముందే ఆలోచించాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రాయి రంగు చూసి మనసు పారేసుకుని, ఆ తరువాత దానికి నప్పే సింకు కోసం వెతుకుతారు.

స్టీలా, మిశ్రమ రాయా, పింగాణీయా?

స్టీలు సింకు కొనడానికి జేబులో అయస్కాంతం వేసుకుని వెళ్లేవారు ఉంటారు. అంటుకుంటే నాసిరకం, అంటుకోకపోతే మేలురకం అని వారి లెక్క. అందులో సగమే నిజం. సింకులకు పేరుపడిన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. అయస్కాంతానికి అంటని గుణం నికెల్ వల్ల వచ్చింది. నికెల్ ఖరీదైన లోహం కాబట్టి దాన్ని తగ్గించి, ఆ లోటును మాంగనీసుతో పూడ్చిన 201, 202 రకాలు కూడా ఉన్నాయి. అవీ అయస్కాంతానికి అంటవు. అంటే మన జేబులోని అయస్కాంతం పట్టివ్వగలిగేది 430 లాంటి నికెల్ లేని రకాలను మాత్రమే. తమాషా ఏమిటంటే, అసలు సిసలు 304 రేకును కూడా అచ్చులో నొక్కి తొట్టిగా సాగదీసినప్పుడు మూలల దగ్గర లోహం లోపలి అమరిక మారుతుంది. అక్కడ అయస్కాంతం కాస్త లాగుతుంది. అలా మంచి సింకును అనుమానించి వదిలేసి, తక్కువరకాన్ని మెచ్చుకుని తెచ్చుకునే ప్రమాదం ఉంది. రకం సంఖ్యను బిల్లు మీద రాయించుకోవడమే నమ్మదగిన దారి.

మందం సంగతీ ఇలాగే తికమక పెడుతుంది. గేజ్ సంఖ్య తగ్గేకొద్దీ రేకు దళసరి అవుతుంది. 16 గేజ్ అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, 18 అంటే సుమారు 1.2, 22 అంటే 0.8 దగ్గర. అడుగున వేలితో కొట్టి చూడండి. పలచని రేకు ఖాళీ డబ్బాలా మోగుతుంది. దళసరి రేకు కింద రబ్బరు పట్టీ అతికించి ఉంటే 'దబ్' మని ఆగిపోతుంది. కుళాయి విప్పిన ప్రతిసారీ వినాల్సిన చప్పుడు ఇది, కొనే ముందు ఒకసారి వినడం మంచిది.

స్టీలు మీద గీతలు పడతాయి. పడవని ఎవరు చెప్పినా నమ్మకండి. అద్దంలా మెరిసే సింకు మీద మొదటి గీత కంట్లో నలుసులా వేధిస్తుంది. గీతలు గీసినట్టు సన్నని చారలున్న మసక పాలిష్ అయితే, కొన్ని నెలలకు కొత్త గీతలూ పాత చారలూ కలిసిపోయి ఒకే మెరుపుగా మారతాయి. స్టీలుకు అసలు శత్రువు గీత కాదు, క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ ద్రావణం. దాన్ని సింకులో పోసి గంటల తరబడి వదిలేస్తే 304 మీద కూడా సూదిమొన లాంటి గుంటలు పడతాయి.

ఇక మిశ్రమ రాతి సింకు. దాదాపు 80 శాతం క్వార్ట్జ్ (పలుగురాయి) రేణువులు, మిగతాది యాక్రిలిక్ జిగురు, రెండూ కలిపి అచ్చు పోస్తారు. చప్పుడు ఉండదు, గీతలు తక్కువ, రంగులు ఎన్నో. నల్లటి సింకు దుకాణంలో కళ్లు తిప్పుకోనివ్వదు. ఇంటికి వచ్చాక, నీళ్లలో సున్నం ఎక్కువైతే నెల తిరగకుండా బూడిద పూసినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. రోజూ గుడ్డతో పొడిగా తుడిచే ఓపిక ఉన్నవారికి ఇది చక్కటి సింకు. నాకు ఆ ఓపిక లేదు. ఇంకొక తేడా కూడా చూడాలి. బరువైన పాత్ర చేయి జారితే స్టీలు సొట్టపడుతుంది, ఇది పగలవచ్చు. సొట్టతో కాపురం చేయవచ్చు, పగులుతో చేయలేం.

దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాల్చిన బంకమట్టి పింగాణీ సింకు అందంలో అన్నిటినీ తలదన్నుతుంది. అయితే అందులో గాజు గ్లాసు జారితే గ్లాసు మీద ఆశ వదులుకోవాల్సిందే. దాని బరువుకు కింది అరను ప్రత్యేకంగా బలపరచాలి. కాల్చినప్పుడు కొద్ది మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఒక్కొక్కటీ ఒక్కో కొలత. మిగతా విషయాలన్నీ చూసుకునే తీరిక ఉన్నవారి సింకు అది.

నా మొగ్గు స్టీలు వైపే. తప్పులు క్షమించే గుణం మిగతా రెండింటికంటే దానికే ఎక్కువ.

లోతు మాట

లోహం గురించి గంటసేపు చర్చించి, లోతును అర నిమిషంలో తేల్చేస్తాం. లోతు ఎక్కువైతే నీళ్లు చిందవు, అంట్లు కనబడవు అన్నది అందరికీ తోచే లాభం. నడుము సంగతి మాత్రం కొన్న తరువాతే తెలుస్తుంది. నిలబడి పనిచేసే గట్టు మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్ల కింద ఉండాలని ఒక వాడుక లెక్క. కానీ అంట్లు తోమేటప్పుడు చేతులు పనిచేసేది గట్టు ఎత్తులో కాదు, సింకు అడుగున. గట్టు 88 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, సింకు లోతు 25 అయితే, మన చేతులు నేలకు 63 సెంటీమీటర్ల ఎత్తుకు దిగాలి. పొడగరి మనిషికి అది తొడ మధ్య. రోజూ అరగంట అలా వంగి చూడండి. 20 సెంటీమీటర్ల లోతు చాలామందికి సరిపోతుంది. చెంచాలు విసిరినా నీళ్లు పైకి లేవవు, నడుమూ లేవనని మొరాయించదు. నాకు తెలిసి దుకాణంలో సింకు ముందు నిలబడి తోమినట్టు నటించి చూసే మనిషి లేడు. నేను చూశాను. పక్కనున్నవారు నవ్వారు, నవ్వనివ్వండి.

ఒక తొట్టా, రెండు తొట్లా అన్నదానికి కొలబద్ద ఇంట్లోని అతిపెద్ద పాత్ర. అది అడ్డంగా పడుకోగలిగినంత తొట్టి ఒకటి తప్పనిసరి. 90 సెంటీమీటర్ల అరలో రెండు సమానమైన తొట్లు ఇరికిస్తే పెద్ద పాత్ర రెండింటిలోనూ పట్టదు. ఒక పెద్ద తొట్టి, చోటుంటే పక్కన చిన్నది, ఇదీ నా తీర్పు. లోపలి మూలలు కత్తితో కోసినట్టు ఉంటే చూడటానికి బాగుంటాయి గానీ పీచు అక్కడికి చేరదు, జిడ్డు చేరుతుంది. వేలి చివర సులువుగా తిరిగేంత గుండ్రం కావాలి.

గట్టుకు ఏ రాయి?

అసలు పోటీ గ్రానైట్‌కూ క్వార్ట్జ్‌కూ మధ్యే. పేరులో క్వార్ట్జ్ ఉన్నా అది గనిలో దొరికిన పలక కాదు. దాదాపు 90 శాతం క్వార్ట్జ్ పొడికి పాలియెస్టర్ జిగురు కలిపి, గాలి తీసేసి, కుదుపుతూ నొక్కి గట్టిపరచిన పలక. ఆ పది శాతం జిగురే దాని బలం, దాని బలహీనత. సూక్ష్మ రంధ్రాలు దాదాపు లేవు కాబట్టి నూనె, రంగు లోపలికి ఇంకవు. రంధ్రాలను మూసే సీలర్ పూయాల్సిన పని ఎప్పటికీ రాదు. పలకల రంగు ఒకదానితో ఒకటి సరిపోతుంది. కానీ 150 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి జిగురు రంగు మారుతుంది. పొయ్యి మీద నుంచి దించిన బాణలి అంతకంటే వేడిగా ఉండటం మామూలే. అలా పడిన పసుపుపచ్చని చక్రం తుడిస్తే పోదు, ఎందుకంటే అది పైన అంటిన మరక కాదు, జిగురే కమిలింది. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన తెల్ల క్వార్ట్జ్ మెల్లగా పాలిపోయి పచ్చబడుతుంది కూడా.

గ్రానైట్ భూమి లోపల కరిగి చల్లారిన రాయి. బాణలికి అది జంకదు, ఎండకూ జంకదు. దాని లోటు రంధ్రాలు, అందులోనూ లేత రంగు రాళ్లలో. దుకాణంలో రాయి ముక్క చేతికి ఇస్తే దాని మీద నాలుగు నీటి చుక్కలు వేసి పావుగంట ఆగండి. నేను ఇంటికి తెచ్చుకున్న రెండు ముక్కల్లో నల్లదాని మీద చుక్క పూసలా నిలబడి అలాగే ఆరిపోయింది. లేత బూడిదరంగు దాని మీద చుక్క చుట్టూ తడి మచ్చ నాణెమంత పాకి, తుడిచినా చాలాసేపు పోలేదు. నీరు చేసిన ఆ పని రేపు నూనె చేస్తుంది, అది ఆరిపోదు. అలాంటి రాయికి సీలర్ పూసి, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఇదే పరీక్ష చేసి, అవసరమైతే మళ్లీ పూయాలి. నల్ల గ్రానైట్ పేరుతో దొరికే రాళ్లలో చాలా వాటిని భూగర్భ శాస్త్రవేత్తలు గ్రానైట్ అని ఒప్పుకోరు, గాబ్రో, డోలరైట్ జాతులంటారు. వంటింటికి ఆ పేర్ల గొడవ అక్కర్లేదు. గట్టిగా బిగిసిన రాయి, తక్కువ పీల్చుకుంటుంది, అంతే చాలు.

క్వార్ట్జ్ విషయంలో వాడే ఇంటివారికి కాక, కోసే పనివారికి సంబంధించిన సంగతి ఒకటుంది. పలకను పొడిగా కోస్తే లేచే సన్నటి సిలికా (క్వార్ట్జ్ అంటే అదే) ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. ఈ కారణంగానే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ పలకల తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది. గ్రానైట్‌లోనూ ఆ సిలికా ఉంటుంది, కానీ సాధారణంగా క్వార్ట్జ్ పలకలో ఉన్నదానిలో సగం కూడా ఉండదు. ఏ రాయైనా నీళ్లు పోస్తూ కోసేవారికే పని అప్పగించండి. మీ వంటింట్లో నిలబడి పొడిగా కోస్తానంటే వద్దనండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పాలరాయి పులుపును భరించదు. నిమ్మరసం పడిన చోట కాల్సైట్ కరిగి మెరుపు పోతుంది, మామూలు సీలర్ దాన్ని ఆపదు. ఖనిజాల పొడిని నొక్కి, 1200 డిగ్రీల దగ్గర కాల్చిన సింటర్డ్ పలకలు వేడికి, మరకకు, ఎండకు దేనికీ లొంగవు. 12 మిల్లీమీటర్ల మందంలో కూడా దొరకడం వల్ల తేలిక. అంచు మీద పాత్ర తగిలితే మాత్రం పెచ్చు లేస్తుంది, నగిషీ చాలా రకాల్లో పైపొరకే పరిమితం కనుక ఆ పెచ్చు దాగదు. డ్యుపాంట్ సంస్థ 1967లో కనిపెట్టి కోరియాన్ అని పేరు పెట్టిన యాక్రిలిక్ పలకల జాతికి వేడి గిట్టదు, గీత పడుతుంది, కానీ ఉప్పుకాగితంతో రుద్దితే గీత పోతుంది. సింకును కూడా అదే పదార్థంతో చేసి అతుకు కనబడకుండా కలిపేయవచ్చు. లామినేట్ పలక లోపల చెక్కపొట్టు ఉంటుంది. సింకు కోతలో ఒక్కచోట తడి దిగితే ఉబ్బి పగులుతుంది. చెక్క గట్టు నూనె పట్టించే అలవాటున్న చేతుల్లో అందంగా ముసలిదవుతుంది, సింకు పక్కన మాత్రం వద్దు.

రెండూ కలిసే చోట

సింకు అంచు గట్టు మీద కూర్చుంటే అది పైబిగింపు. గట్టు అడుగు నుంచి సింకును వేలాడదీస్తే కిందిబిగింపు. పైదానిలో కోత ఎలా ఉన్నా అంచు కప్పేస్తుంది, సింకు మార్చడం సులువు, లామినేట్‌కు దాదాపు అదే దారి. దాని శిక్ష ఆ అంచే. గట్టు తుడిచిన ప్రతిసారీ చెత్త దానికి తట్టుకుని ఆగుతుంది. అంచు వెంట జిడ్డు నల్లటి గీతగా పేరుకుంటుంది. కిందిబిగింపులో చేత్తో ఊడ్చితే నీళ్లూ తొక్కలూ నేరుగా తొట్టిలో పడతాయి. ఆ ఒక్క సుఖం కోసం నేను మిగతావన్నీ ఒప్పుకుంటాను. కానీ దానికి రాతి కోత అంచు బయటికి కనబడుతుంది కాబట్టి పాలిష్ కావాలి, సింకు బరువును ఒక్క సిలికోన్ జిగురు మీద వదలకుండా కింద క్లిప్పులో, చట్రమో ఉండాలి. నిండా నీళ్లున్న పెద్ద తొట్టి 40 కిలోలు దాటుతుంది.

కోసేవారికి కాగితం మీది కొలత ఇవ్వకండి, సింకునే తీసుకెళ్లి అప్పగించండి. ముందు పట్టీ కనీసం ఐదారు సెంటీమీటర్లు ఉండాలని, లోపలి మూలలు గుండ్రంగా తిప్పాలని, పట్టీ కింద ఆసరా పెట్టాలని నోటితో చెప్పి ఊరుకోక సుద్దతో రాయి మీద గీసి చూపండి. గట్టు బయటి అంచు అడుగున, అరకు కాస్త ఇవతల, పెన్సిలంత గాడి ఒకటి కొట్టించుకుంటే కారిన నీళ్లు తలుపుల మీదికి పాకకుండా అక్కడే చుక్కలుగా తెగి పడతాయి. రెండు నిమిషాల పని, అడిగేవారు తక్కువ.

మేము చివరికి 18 గేజ్ 304 స్టీలు, 20 సెంటీమీటర్ల లోతున్న ఒకే తొట్టి, కిందిబిగింపు, మెరుపు తక్కువున్న నల్లరాయి పెట్టించుకున్నాం. అన్నీ ఇంత చూసుకున్నాక కూడా కుళాయి దగ్గర తప్పాను. రాతికి రంధ్రం వేయించాక కొన్న కుళాయి ముక్కు పొట్టిది. ధార నీరుపోయే రంధ్రం దాకా రాక, తొట్టి వెనక గోడకు తగిలి చిందుతోంది. చేతులు కడుక్కున్న ప్రతిసారీ వెనక గట్టు తుడుస్తున్నాను.