థార్ రాక్స్‌ని మార్పించుకోవాలా, గూర్ఖా కొనాలా: కుటుంబానికి ఏది మేలు?

బండిని రెండంగుళాలు పైకి లేపాలన్నా, ముందు ఇనుప బంపర్ బిగించాలన్నా, ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి పవర్ పెంచాలన్నా బెజవాడ ఆటోనగర్‌లో చేసిపెట్టేవాళ్లు దొరుకుతారు. అందుకే పిల్లలతో, పెద్దవాళ్లతో మారేడుమిల్లి, లంబసింగి తిరగాలనుకునేవాళ్లలో చాలామంది ముందు మహీంద్రా థార్ రాక్స్ కొని, ఆ తర్వాత మార్పులు చేయించుకుందాం అనుకుంటారు. కానీ బండి ధరకి ఆ ఖర్చులన్నీ కలిపితే ఐదు తలుపుల ఫోర్స్ గూర్ఖా ధర దాటిపోతుంది. పైగా అది అడవిదారికి సిద్ధంగానే షోరూమ్ నుంచి వస్తుంది.

గూర్ఖాది 2.6 లీటర్ల డీజిల్ ఇంజిన్, 140 హార్స్‌పవర్. రాక్స్ డీజిల్ పై మోడల్‌లో 175 ఉంది కాబట్టి ఇది తక్కువే అనిపిస్తుంది. అయితే రాళ్లలో, బురదలో వేగంతో పనిలేదు. ఒక చక్రం గాల్లో తేలినప్పుడు నేలమీదున్న చక్రాలకి బలం అందాలి. అందుకు గూర్ఖాలో ముందు, వెనక డిఫరెన్షియల్స్ (బలాన్ని కుడి, ఎడమ చక్రాలకి పంచే భాగాలు) రెండింటికీ, ఆ చక్రాలు కలిసి తిరిగేలా చేసే లాక్‌ని కంపెనీయే ఇచ్చింది. నేల నుంచి ఎత్తు 233 మిల్లీమీటర్లు. ఇంజిన్‌కి గాలిని పైనుంచి అందించే స్నార్కెల్ గొట్టం ఉంది కాబట్టి 700 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదని కంపెనీ లెక్క. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో మునిగాయో చూసినవాళ్లకి ఈ అంకె విలువ చెప్పక్కర్లేదు. కాకపోతే పారే వాగుకి ఈ లెక్క పనికిరాదు. మోకాటి లోతు ప్రవాహం కూడా బండిని పక్కకి నెట్టేస్తుంది. పిల్లలు బండిలో ఉంటే వాగులోకి దిగనే కూడదు.

గూర్ఖాలో లోటు ఏమిటంటే, ఎయిర్‌బ్యాగులు రెండే. గేర్లు మాన్యువలే. ఏడు సీట్లూ నిండితే లగేజీ పైకప్పు మీదికి ఎక్కాల్సిందే.

రాక్స్‌కి నేల నుంచి ఎత్తు 219, దాటగల నీటి లోతు 650 మిల్లీమీటర్లు. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ ఉన్నాయి. కార్లని గుద్దించి భద్రత తేల్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకీ పిల్లల భద్రతకీ ఐదేసి స్టార్లు వచ్చాయి. కుటుంబం బండికి నేను మొదట చూసేది ఇదే, ఎందుకంటే అడవికి వెళ్లినా ప్రయాణంలో ఎక్కువ భాగం నేషనల్ హైవే మీదే గడుస్తుంది. ఆ స్టార్లు వచ్చింది కంపెనీ తయారు చేసిన బండికి. ఎత్తు పెంచితే మలుపుల్లో ఒరిగే గుణం పెరుగుతుంది, పై మోడల్స్‌లో డ్రైవర్‌కి సాయపడే ఏడాస్ వ్యవస్థ కెమెరా చూపు కూడా మారిపోతుంది. ఇనుప బంపర్ గుద్దుడు దెబ్బని నేరుగా ఛాసిస్‌కి చేరుస్తుంది, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే తీరు దెబ్బతినొచ్చు. ఇలాంటి బంపర్ గార్డులపై చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017లోనే రాష్ట్రాలకి చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రాథమిక స్వరూపాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. క్లెయిమ్ వేళ ఇన్సూరెన్స్‌వాళ్లు ఈ మార్పులనే వేలెత్తి చూపిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

డబ్బు పెట్టాల్సింది టైర్ల మీద. పల్నాడు నల్లరేగడిలో వాన పడ్డాక టైరు గాడులన్నీ మట్టితో పూడిపోతాయి. అప్పుడు నాలుగు చక్రాలకీ బలం అందే ఫోర్‌బైఫోర్ బండి అయినా సబ్బు మీద కాలు పెట్టినట్టే జారుతుంది. లోతైన గాడులున్న మడ్ టైర్లు అక్కడ మేలే, కానీ తడి తారురోడ్డు మీద బ్రేకు వేసినా బండి ఆలస్యంగా ఆగుతుంది, మోత కూడా ఎక్కువ. కుటుంబానికి కంపెనీ సైజులోనే, తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు చాలు. వాటితోపాటు గాలి కొట్టే చిన్న కంప్రెసర్, లాగడానికి గట్టి పట్టీ, పార పెట్టుకోండి. లంక ఊళ్ల ఇసుక బాటలో టైర్లలో గాలి తగ్గించి నడిపితే అంత తేలిగ్గా దిగబడదు. రోడ్డెక్కగానే మళ్లీ నింపుకోవాలి.

నలుగురైదుగురున్న ఇంటికి నా ఓటు డీజిల్ ఫోర్‌బైఫోర్ రాక్స్‌కే, అదీ టైర్లు తప్ప ఏమీ మార్చకుండా. ఏటా ఏడుగురు కలిసి మట్టిదారులే పట్టేవాళ్లయితే గూర్ఖా తీసుకోండి. కొనేముందు టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లండి. ఆ ఎత్తు ఎక్కగలరా, మూడో వరుసలో గంటసేపు కూర్చోగలరా అన్నది వాళ్లే చెప్పాలి.