కొన్నేళ్ల బ్లూటూత్ వాడకం: ఏది మాట వింటుంది, ఏది మొండికేస్తుంది

ఇయర్‌బడ్స్, నెక్‌బ్యాండ్, స్మార్ట్‌వాచ్, చిన్న స్పీకర్, కారు స్టీరియో, మడతపెట్టే కీబోర్డు. కొన్నేళ్లుగా నా ఫోన్ చుట్టూ తిరుగుతున్న వైర్‌లెస్ సరంజామా ఇదీ. సౌండ్ ఎలా ఉంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది లాంటివి కొనే రోజున అందరం చూస్తాం. కొన్నాక విసిగించేది మాత్రం వేరే. నిన్నటిదాకా బుద్ధిగా కనెక్ట్ అయిన వస్తువు ఇవాళ ఫోన్ లిస్టులో కనబడదు. కనబడినా నొక్కగానే 'పెయిర్ చేయడం కుదరలేదు' అని ఒక ముక్క చూపించి ఊరుకుంటుంది. ఎందుకు కుదరలేదో ఏ ఫోనూ చెప్పదు. ఈ సమీక్ష ఆ ఒక్క తలనొప్పి గురించే.

ఇన్నాళ్ల వాడకం తర్వాత నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ గొడవల్లో సిగ్నల్ వల్ల వచ్చేవి తక్కువ. రెండు పరికరాలు ఒకదాన్నొకటి ఎలా గుర్తుపెట్టుకున్నాయన్న దాంట్లో తేడా వచ్చో, మనం వెతికే వస్తువు అప్పటికే ఇంకో పరికరంతో కనెక్ట్ అయి ఉండో వచ్చేవే ఎక్కువ. అందుకే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయడం, దగ్గరగా తెచ్చి పెట్టడం లాంటివి ఒక్కోసారి పనిచేసినట్టే ఉంటాయి, మర్నాటికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

పెయిరింగ్, కనెక్షన్ రెండూ వేరు. పెయిరింగ్ జరిగేది ఒక్కసారే. అప్పుడు ఫోనూ ఆ వస్తువూ కలిసి ఒక రహస్య కీ తయారుచేసుకుని, దేని మెమరీలో అది దాచుకుంటాయి. తర్వాత రోజూ జరిగేది కనెక్షన్ మాత్రమే. రెండువైపులా ఉన్న కీ సరిపోతే అడగకుండానే కలుస్తాయి. 2007లో వచ్చిన బ్లూటూత్ 2.1 నుంచి పెయిరింగ్ సులువైంది. అంతకుముందు 0000, 1234 లాంటి పిన్ కొట్టాల్సి వచ్చేది, బాగా పాత కారు స్టీరియోలు ఇప్పటికీ అదే అడుగుతాయి. చిక్కు ఎక్కడంటే, ఒకవైపు కీ పోయి రెండోవైపు అలాగే ఉండిపోయినప్పుడు. ఫోన్ రీసెట్ చేశామనుకోండి, ఫోన్ మర్చిపోయింది గానీ హెడ్‌సెట్ మర్చిపోలేదు. తాళం మార్చేసిన ఇంటికి పాత తాళంచెవి పట్టుకుని వెళ్లినట్టే. ఫోన్‌లో 'ఫర్‌గెట్' నొక్కి మళ్లీ పెయిర్ చేయబోతే కొన్ని పరికరాలు సర్దుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి.

కాబట్టి చెరిపితే రెండుచోట్లా చెరపాలి. ఫోన్‌లో ఇది తేలిక. ఆండ్రాయిడ్‌లో పరికరం పేరు పక్కన గేర్ గుర్తు, ఐఫోన్‌లో చిన్న 'ఐ' గుర్తు నొక్కితే ఫర్‌గెట్ కనిపిస్తుంది. రెండోవైపు చెరపడానికే చాలామందికి దారి తెలియదు. ఇయర్‌బడ్స్ అయితే కేస్‌లో పెట్టి, దాని మీదున్న బటన్‌ను లైటు రంగు మారేదాకా నొక్కిపట్టాలి. ఎయిర్‌పాడ్స్‌లో చాలా మోడళ్లకు ఇది సుమారు 15 సెకన్లు, లైటు ముందు నారింజ రంగులో, తర్వాత తెల్లగా మెరుస్తుంది. మిగతావాటికి కంపెనీని బట్టి మారుతుంది. బాక్సులో వచ్చిన ఆ చిన్న కాగితాన్ని పారేయకుండా ఫొటో తీసి పెట్టుకోవడం నా అలవాటు. వస్తువు కంటే ముందు ఆ కాగితమే మాయమవుతుంది.

ఇక ఇయర్‌బడ్స్ సంగతి. నా దగ్గరున్న వాటిలో ఎక్కువ వాడేవి ఇవే, ఎక్కువ తిప్పలు పెట్టినవీ ఇవే. కొన్ని నెలలు బాగానే నడిచాక ఒక విచిత్రం మొదలైంది. బడ్స్ రెండూ కేస్‌లో పెట్టి మూత వేసేశాను, ఫోన్‌లో మాత్రం 'కనెక్టెడ్' అనే ఉంది. కాల్ వస్తే ఎత్తాను, అవతలి మాట వినబడదు. ఆ మాట మూత వేసిన కేస్‌లో, కుడి బడ్‌లో వినిపిస్తోంది! పొద్దున్నే తీస్తే ఎడమది నిండుగా చార్జ్ అయి ఉంటుంది, కుడిది చచ్చి ఉంటుంది. యాప్‌లో అప్‌డేట్లు వెతికితే ఏమీ లేవు, రీసెట్ చేస్తే రెండ్రోజులు బాగుండి మళ్లీ అదే. చివరికి బడ్‌ను లైటు కింద తిప్పి చూస్తే విషయం తెలిసింది. దాని కాడ అడుగున రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, చార్జింగ్ పిన్నులు వాటికే ఆనాలి. ఒక చుక్క మెరుస్తోంది, రెండోదాని మీద చెమటా జిడ్డూ కలిసి గోధుమరంగు పొరలా గట్టిపడింది. కేస్ లోపలి పిన్ను దాకా ఆ చుక్క తగలడం లేదు కాబట్టి, తాను కేస్‌లోకి వచ్చిన సంగతే ఆ బడ్‌కు తెలియదు. ఇంకా చెవిలోనే ఉన్నాననుకుని ఫోన్‌ను పట్టుకుని కూర్చుంది. పొడి కాటన్ బడ్‌తో నెమ్మదిగా తుడిస్తే పోయింది. నీళ్లు గానీ, గీరే వస్తువులు గానీ వాడొద్దు, పిన్ను లోపలికి దిగబడిపోతే ఇక కేస్ మార్చుకోవాల్సిందే.

ఒక చెవిలోనే పాట వస్తోందనే ఫిర్యాదుల్లో సగమైనా ఇలాంటివే అయ్యుంటాయని నా అనుమానం. మిగతా సగంలో రెండు బడ్స్ మధ్య లింకు తెగి ఉంటుంది. అవి ఫోన్‌తోనే కాదు, ఒకదానితో ఒకటి కూడా పెయిర్ అయి ఉంటాయి. అది తెగితే ఫోన్ లిస్టులో ఒకే పేరు రెండుసార్లు కనబడుతుంది. అప్పుడు ఫోన్‌లో రెండు పేర్లూ తీసేసి, బడ్స్ రెండూ కేస్‌లో ఉండగా రీసెట్ చేయాలి. ఒక్కోటి విడిగా రీసెట్ చేస్తే ఉన్న చిక్కుకు ఇంకో ముడి పడుతుంది.

'లిస్టులో అసలు కనబడటమే లేదు' అన్నప్పుడు నేను ముందు చూసేది ల్యాప్‌టాప్‌ను. మామూలు హెడ్‌సెట్ ఆన్ అవగానే చివరిసారి కలిసిన పరికరం కోసం వెతుకుతుంది. పక్క గదిలో మూసిపెట్టిన ల్యాప్‌టాప్ నిద్రలోంచే దాన్ని లాక్కుంటే, మన చేతిలో ఫోన్ ఎంతసేపు వెతికినా లాభం లేదు. ఒకసారి కనెక్ట్ అయిన హెడ్‌సెట్ కొత్తవాళ్లకు కనబడదు. కనబడాలంటే దాన్ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టాలి, ఉత్తగా ఆన్ చేస్తే చాలదు. లైటు నిలకడగా వెలగడం వేరు, రెండు రంగుల్లో మార్చి మార్చి మెరవడం వేరు. ఆ రెండోది చూశాకే ఫోన్‌లో వెతకాలి. ట్యాబ్, పాత ఫోన్, టీవీ, ఇంట్లో ఇంకొకరి ఫోన్, వీటన్నిటిలో బ్లూటూత్ కాసేపు ఆపి చూస్తే దొంగ ఎవరో రెండు నిమిషాల్లో దొరుకుతాడు. ఎయిర్‌పాడ్స్ ఇలా పరికరాల మధ్య గెంతుతుంటే వాటి సెట్టింగ్స్‌లో 'ఆటోమేటిక్' బదులు 'చివరిసారి ఈ ఐఫోన్‌కు కనెక్ట్ అయినప్పుడు' అనేది ఎంచుకోవచ్చు.

దీనికి మందు అంటూ అమ్మేది మల్టీపాయింట్. ఒకేసారి రెండు పరికరాలకు కలిసి ఉండటం. నా నెక్‌బ్యాండ్‌లో ఇది ఉంది. కాగితం మీద బ్రహ్మాండం. నిజంలో ల్యాప్‌టాప్‌లో ఏదో నోటిఫికేషన్ టింగుమంటే ఫోన్‌లో పాట ఆగిపోతుంది, కాల్ ముగిశాక ఆ పాట మొదలవ్వాలో వద్దో తేల్చుకోలేక ఊరుకుంటుంది. ఆఫీసు పనికి తప్పనిసరైతే ఉంచుకోండి, లేకపోతే ఆపేయడమే సుఖం. ఆపేశాక నా నెక్‌బ్యాండ్ మళ్లీ పేచీ పెట్టలేదు. మొత్తం సరంజామాలో నిలకడకు ఎక్కువ మార్కులు దానికే. రెండు చెవులకూ మధ్య వైరు ఉంది కాబట్టి ఎడమా కుడీ విడిపోయే ప్రశ్నే లేదు, నిజమైన బటన్ ఉంది, మెడలోంచి తీస్తే ఎక్కడో పడిపోదు. చూడటానికి పాతకాలపు వస్తువులా ఉంటుందని కొందరంటారు, అననివ్వండి.

స్మార్ట్‌వాచ్‌ది పూర్తిగా వేరే లోకం. దీన్ని ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో వెతికి నొక్కకూడదు, దాని యాప్‌లోంచే పెయిర్ చేయాలి. సెట్టింగ్స్‌లోంచి కలిపేస్తే 'కనెక్టెడ్' అని కనిపిస్తూనే అడుగుల లెక్క రాదు, మెసేజ్‌లు రావు. కాల్ మాట్లాడే సదుపాయం ఉన్న వాచీల్లో చాలావాటికి ఇంకో తిరకాసు ఉంది. డేటా కోసం తక్కువ కరెంటు తినే 'బ్లూటూత్ లో-ఎనర్జీ' (బీఎల్‌ఈ) లింకు ఒకటి, కాల్ ఆడియో కోసం మామూలు బ్లూటూత్ లింకు ఇంకొకటి. ఫోన్‌లో రెండు పేర్లు కనిపిస్తే ఇది ఎక్కువ అనుకుని ఒకటి చెరిపేయకండి, కాల్ లింకు చెరిపితే మెసేజ్‌లు వస్తాయి గానీ వాచ్‌లో కాల్ మాట్లాడటం కుదరదు.

వాచ్ యాప్ లొకేషన్ పర్మిషన్ అడిగితే చాలామంది అనుమానంగా చూసి వద్దంటారు. అనుమానం సబబే. కానీ 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఆండ్రాయిడ్ 11 వరకు చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే యాప్‌కు లొకేషన్ పర్మిషన్ ఉండాల్సిందే. ఏ బ్లూటూత్ పరికరాలు దగ్గరున్నాయో తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో పసిగట్టొచ్చు, అందుకే ఆ నియమం. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దీనికి 'నియర్‌బై డివైసెస్' అనే విడి పర్మిషన్ ఇచ్చారు. యాప్ ఎంత వెతికినా వాచ్ దొరకడం లేదంటే ఆ పర్మిషన్ ఇచ్చామో లేదో చూడాలి. ఇంకొకటి బ్యాటరీ సేవర్. కొన్ని ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను కనికరం లేకుండా ఆపేస్తాయి. రాత్రి బాగున్న వాచ్ పొద్దున్నే తెగిపోయి ఉంటే తప్పు వాచ్‌ది కాకపోవచ్చు. ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేస్తే నాకు ఆ రోజువారీ గోల తగ్గింది. అయినా సరే, ఇంత బుజ్జగింపు కావాల్సిన వస్తువుకు నేను మంచి మార్కులు వేయలేను. ఫోన్ మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. చాలా వాచీలు పాత ఫోన్‌ను, అకౌంట్‌ను వదిలించుకుంటే తప్ప కొత్తదానితో కలవవు. పాత ఫోన్ చేతిలో ఉండగానే యాప్‌లోంచి అన్‌పెయిర్ చేసేయాలి.

కారు స్టీరియోలో నాకు ఎదురైంది విడ్డూరం: కాల్స్ వస్తాయి, పాటలు రావు. బ్లూటూత్‌లో కాల్‌కు ఒక ప్రొఫైల్, పాటకు ఇంకో ప్రొఫైల్ ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో ఆ కారు పేరు పక్కన గేర్ నొక్కితే 'ఫోన్ కాల్స్', 'మీడియా ఆడియో', 'కాంటాక్ట్స్' అని విడివిడిగా స్విచ్చులు కనిపిస్తాయి. మీడియా ఆడియో ఎలాగో ఆఫ్ అయిపోయింది, ఆన్ చేస్తే సరి. కొత్త ఫోన్‌ను కారు అసలు ఒప్పుకోకపోతే మాత్రం కారు తెరలోనే చూడాలి. స్టీరియో గుర్తుపెట్టుకునే ఫోన్లకు పరిమితి ఉంటుంది, ఎప్పుడో ఒకసారి ఎక్కినవాళ్ల ఫోన్లు కూడా ఆ లిస్టులో కూర్చుని ఉంటాయి. రెండు మూడు తీసేయండి, చోటు వస్తుంది.

స్పీకర్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. కీబోర్డు కూడా అంతే, పెయిర్ చేసేటప్పుడు ఫోన్ చూపించే ఆరంకెల కోడ్‌ను కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కాలి. ఫోన్‌లో కొట్టే చోటు కోసం వెతుక్కుంటూ కూర్చుంటే సమయం మించిపోయి 'కుదరలేదు' అంటుంది.

నిజంగా సిగ్నల్ వల్ల వచ్చే ఇబ్బందులు లేవని కాదు. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే ఉంటాయి. మామూలు బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు దాకా గెంతుతూ, రద్దీ చానళ్లను తప్పించుకుంటూ నడుస్తుంది కాబట్టి ఈ రద్దీని చాలావరకు తట్టుకుంటుంది. తట్టుకోలేనిది మన ఒళ్లు. శరీరంలో నీరు ఎక్కువ, ఆ నీరు ఈ తరంగాలను మింగేస్తుంది. ఫోన్ వెనక జేబులో ఉండి ఒక బడ్ తెగి తెగి వస్తుంటే జేబు మార్చి చూడండి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడల్లా పక్కనున్న వైర్‌లెస్ మౌస్ నత్తనడక నడుస్తుంటే కారణం ఆ పోర్టే కావచ్చు, దాని రొద కూడా ఈ 2.4 బ్యాండ్‌లోకే వస్తుంది. ఇవన్నీ కనెక్షన్ తెగడానికి కారణాలు. చేతిలో పక్కపక్కనే పెట్టుకున్నా పెయిర్ అవ్వని వస్తువుకు వీటితో సంబంధం లేదు.

ఐఫోన్ వాడేవాళ్లకు ఒక మాట. కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ గుర్తు నొక్కితే అది పూర్తిగా ఆఫ్ అవదు, ఉన్న పరికరాలు తాత్కాలికంగా తెగుతాయంతే. 2017లో ఐఓఎస్ 11 నుంచి ఇంతే. ఆపి ఆన్ చేసి చూద్దాం అనుకుంటే సెట్టింగ్స్‌లోకే వెళ్లాలి. ఇక ఎవరిని అడిగినా మొదటే చెప్పే 'నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్' నా లెక్కలో ఆఖరిది. దాంతో దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, ఆండ్రాయిడ్‌లో అయితే పెయిర్ చేసినవన్నీ కూడా తుడిచిపెట్టుకుపోతాయి. ఒక్క స్పీకర్ కోసం ఇల్లంతా మళ్లీ కలుపుకోవాలి. పైగా అది ఫోన్ వైపు మాత్రమే చెరుపుతుంది, హెడ్‌సెట్‌లో ఉన్న పాత కీ జోలికి పోదు.

ఇప్పుడు కొత్తది ఏది కొన్నా నేను చూసేవి వేరే. పెయిరింగ్‌కు విడిగా ఒక బటన్ ఉందా, తాకితే పనిచేసే ఉపరితలం మీదే మొత్తం భారం పెట్టారా? యాప్ లేకుండా రీసెట్ అవుతుందా? లైటు ఎప్పుడు ఏ రంగులో మెరిస్తే ఏమిటో కాగితం మీద రాశారా? ఎల్‌ఈ ఆడియో (పాటలు, కాల్స్ కూడా ఆ లో-ఎనర్జీ లింకు మీదే పంపే కొత్త పద్ధతి) అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తున్నారు గానీ, ఫోనూ ఇయర్‌బడ్స్ రెండూ దాన్ని సపోర్ట్ చేస్తేనే దానివల్ల లాభం. కొన్ని జతల్లో అది ఆన్ చేస్తే మల్టీపాయింట్ పనిచేయడం మానేస్తుంది కూడా, కాబట్టి కొన్నాక ఏదైనా మొరాయిస్తే ముందు ఆ స్విచ్ ఆఫ్ చేసి చూడండి.