1939 రూపాయి అన్నారు, పోత బిళ్ల పంపారు: అయిదుకి ఒక్క స్టార్

మా నాన్నగారు 1939 శ్రావణంలో తెనాలిలో పుట్టారు. నలభై ఏళ్లుగా వెండి రూపాయలు కూడబెడుతున్నారు. ఆయన ఆల్బంలో బ్రిటిష్ రాజు అయిదో జార్జి నాణేల పేజీ నిండింది, తర్వాతి రాజు ఆరో జార్జి పేజీలో ఆయన పుట్టిన ఏడు గడి ఒక్కటే ఖాళీ. ఈ పుట్టినరోజుకి ఆ గడి నింపాలని ఒక ఆన్‌లైన్ నాణేల దుకాణంలో 6,500 రూపాయలకి కొన్నాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నాణేల సంగతి అప్పటికి నాకు తెలియదు.

ముందు బాగున్నవి చెప్పేస్తాను. నాలుగో రోజుకే వచ్చింది. పెట్టె గట్టిది, లోపల స్పాంజి. గుండ్రటి ప్లాస్టిక్ కాప్స్యూల్‌లో నాణెం, చుట్టూ సీలు. 'అసలైనదని ధ్రువీకరిస్తున్నాం' అని లామినేషన్ చేసిన కార్డు. దాని మీద సంతకం ఉంది, పేరు లేదు, తూకం లేదు.

నాన్నగారు కాప్స్యూల్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు. "అమ్మాయీ, ఎంతకిచ్చారు?" అన్నారు. చెప్పాను. "అసలుదైతే ఆ ధరకి ఎవరూ వదలరమ్మా" అన్నారు.

అప్పుడు చెప్పారు దాని కథ. నూటికి 91.7 పాళ్లు వెండితో బ్రిటిష్ ఇండియా కొట్టిన చివరి రూపాయి ఇదే. 1940లో వెండిని సగానికి దించేశారు, దొంగ నాణేల బెడద తట్టుకోవడానికి అంచు మధ్యలో గాడి పెట్టి అందులో చుట్టూ నగిషీ తెచ్చారు. ఆరో జార్జి వెండి రూపాయల్లో 1939ది మహా అరుదు. అందుకే 1938 రూపాయిలో 8ని చెక్కి 9 చేసేవాళ్లు కొందరు, ఏకంగా అచ్చులో పోత పోసేవాళ్లు కొందరు.

సీలు తీస్తే వాపసు లేదని కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ ఒక్క వాక్యమే. వెండి రూపాయిని పరీక్షించాలంటే తూచాలి, అంచు చూడాలి, మోత వినాలి. సీలు తియ్యకుండా వీటిలో ఏదీ కుదరదు. అంటే నాణెం గురించి ఏమీ తెలుసుకోనంతవరకే వాపసు హక్కు. నిజాయతీగా అమ్మేవాడు తూకం ముందే రాస్తాడు, తూచి చూసుకోమంటాడు. మా తాతగారు అనుమానమొచ్చిన ప్రతి రూపాయినీ నాణేలు పరీక్షించే షరాబు దగ్గరికి పట్టుకెళ్లేవారట. షరాబు దాన్ని రాతి మీద వేసి, మోత విని, పక్కన పెట్టేవాడు లేదా వెనక్కి తోసేవాడు. సీలు మాట ఎవరూ ఎత్తలేదు.

నేను సీలు తీశాను.

నాన్నగారు ఆల్బంలోంచి తన 1918 రూపాయి తీసి, రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి గచ్చు మీద జారవిడిచారు. పాతది టంగుమని ఖంగున సాగింది. కొత్తది టక్కుమని ఆగిపోయింది. "ఇది పోత" అన్నారు.

నాకు లెక్క కావాలి. రూపాయి తూకం 11.66 గ్రాములు, సరిగ్గా ఒక పాతకాలపు తులం. మా అమ్మమ్మ కషాయం సరుకులు 'రూపాయెత్తు' అని తూచేది ఇందుకే. కాలేజీ ల్యాబ్ త్రాసు మీద 1918ది అరుగుదలతో 11.58 వచ్చింది. వీళ్లు పంపింది 9.84. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగుకి తగలకుండా ముంచాను. నాణెం పక్కకి తోసిన నీటి బరువునే అప్పుడు త్రాసు చూపిస్తుంది: పాతదానికి 1.12 గ్రాములు, కొత్తదానికి 1.13. అంటే రెండింటి పరిమాణం దాదాపు ఒకటే. తూకాన్ని దానితో భాగిస్తే వచ్చే సాంద్రత పాతదానికి 10.3, దీనికి 8.7. 91.7 పాళ్ల వెండికి 10.3 దగ్గరే రావాలి. 8.7 అంటే రాగి, నికెల్, జింకు కలిసిన జర్మన్ సిల్వర్ లాంటిది. పదిరెట్ల భూతద్దంలో రాజు చెంప మీద సూదిమొనంత గుంటలు, అంచు వెంట అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత కనిపించాయి. అయస్కాంతం పరీక్ష ఒక్కటే నమ్ముకోకండి. వెండి దానికి అతుక్కోదు, ఇదీ అతుక్కోలేదు.

పెట్టెలో ఒక కానుక కూడా పెట్టారు. 'ఈస్ట్ ఇండియా కంపెనీ 1818' అని రాసిన రామదర్బారు అణా, పూజగదిలో పెట్టుకోమని చీటీతో సహా. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. మదరాసులో కొట్టించిన వెండి అరవరహా మీద గోపురం, విష్ణువు, తెలుగు అక్షరాలు ఉన్నమాట నిజం. ఈ రాముడి అణా మాత్రం బజారులో పుట్టింది. దేవుడి పేరుతో దాన్ని ఇళ్లల్లోకి పంపడం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఫోన్ చేస్తే, "మేడమ్, మాది రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న సంస్థ" అన్నారు. పాత నాణేల లావాదేవీలతో తనకు సంబంధం లేదని, తన పేరు చెప్పి రుసుములు అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. అది చదివి వినిపించాక ఫోన్ పెట్టేశారు. మూడు మెయిళ్లకి జవాబు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తూకాల ఫోటోలతో ఫిర్యాదు చేశాను. ఇరవై మూడో రోజున నాణెం డబ్బు వెనక్కి వచ్చింది, కొరియర్ ఖర్చు రాలేదు. కొనేముందు తూకం చూపించే ఫోటో, అంచు ఫోటో అడగండి. ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి.

ఇంకొక్కటి. వాళ్ల పేజీలోని ఫోటోలో రాజు కిరీటం పక్కన సన్నటి గీత ఉంది. నాకు వచ్చినదాని మీద ఆ గీత లేదు. నిన్న రాత్రి మళ్లీ చూశాను. అదే ఫోటో, అదే గీత, కింద 'ఒక్కటే మిగిలింది' అని ఉంది.